ఆకాశం కొలతలు

(స్మారకోపన్యాస పాఠం)



మాకు హైస్కూల్లో పాఠం చెప్పిన మాస్టారి గురించి చెప్పవలసినవాళ్ళు నాకంటే ముందే బాగా చెప్పారు. నేనొక్క సంగతి కలుపుతాను. తొమ్మిదో తరగతి పరీక్షలో ఆయన తప్పకుండా ఇచ్చే రెండు మార్కుల ప్రశ్న ఒకటుండేది: సూర్యుడు మనకెంత దూరం? పదిహేను కోట్ల కిలోమీటర్లని రాస్తే ఒక్క మార్కే. ఆ సంగతి మనుషులకెలా తెలిసిందో ఒక్క వాక్యమైనా రాసినవాడికి రెండోది. మా తరగతిలో ఆ రెండో మార్కు దక్కినవాళ్ళు బహు తక్కువ. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేదంతా ఆ రెండో మార్కు గురించే.

ఖగోళశాస్త్రం మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఎక్కువభాగం మొదటి మార్కు దగ్గరే ఆగిపోతాయి. ఇన్ని కోట్ల నక్షత్రాలు, అన్ని లక్షల కాంతి సంవత్సరాలు అంటాయి. చదివినవాడు అబ్బురపడతాడు, పేజీ తిప్పుతాడు, మర్చిపోతాడు. అంకె వెనక ఒక మనిషి ఉంటాడు, ఒక పరికరం ఉంటుంది, చాలాసార్లు ఒక తప్పు కూడా ఉంటుంది. అవి తెలిస్తే అంకె గుర్తుంటుంది. పైగా ఈ కొలతల కథలో విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాదు కనిపిస్తాయి. మన పాఠ్యపుస్తకాల్లో వెతికితే మాత్రం దొరకవు.

గ్రహాలతో మొదలుపెడదాం. మామూలు కంటికి కనిపించే గ్రహాలు అయిదు: బుధుడు, శుక్రుడు, అంగారకుడు, గురుడు, శని. నక్షత్రాలు ఒకదానికొకటి ఎంత ఎడంలో ఉన్నాయో అంత ఎడంలోనే ఏళ్ళ తరబడి ఉంటాయి. పిల్లలకోడి పిల్లలకోడిగానే, గొర్రుకొయ్యలు గొర్రుకొయ్యలుగానే ఉంటాయి. వాటి మధ్య ఈ అయిదూ చోటు మారుతుంటాయి. వేగుచుక్క, అంటే శుక్రుడు, కొన్ని నెలలు తెల్లవారుజామున కనిపించి మాయమవుతుంది, తర్వాత సాయంత్రం పడమట తేలుతుంది. పొలం పనికి చీకటితో లేచే రైతుకు ఈ సంగతి ఏ శాస్త్రజ్ఞుడూ చెప్పనక్కర్లేదు. ఇక నవగ్రహాల గుళ్ళో ఉన్న తొమ్మిదింటిలో సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం, రాహుకేతువులు చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే రెండు బిందువులు. మనం నిలబడిన భూమికి ఆ తొమ్మిదింటిలో చోటు లేదు. తప్పుపట్టడానికి కాదు ఈ మాట. భూమి మీద నిలబడి చూసినవాళ్ళు వేసిన పట్టిక అది, వాళ్ళ చూపుకి అది సరైనదే.

భూమి కూడా గ్రహమేనని ఒప్పుకున్నాక కెప్లర్ 1619లో ఒక నియమం ప్రకటించాడు. గ్రహం సూర్యుణ్ణి చుట్టి రావడానికి పట్టే కాలం తెలిస్తే, సూర్యుడి నుంచి దాని దూరం ఏ నిష్పత్తిలో ఉందో చెప్పేయవచ్చు. మన దూరం ఒకటి అనుకుంటే శుక్రుడిది 0.72, అంగారకుడిది 1.52, గురుడిది 5.2, శనిది 9.5. మొత్తం సౌరకుటుంబం పటం చేతికొచ్చింది, స్కేలు మాత్రం రాలేదు. ఆ 'ఒకటి' ఎన్ని కిలోమీటర్లో ఎవరికీ తెలియదు. ఏ ఒక్క దూరం తెలిసినా మిగతావన్నీ వాటంతటవే తేలిపోతాయి.

దీనికి దారి చూపినవాడు ఎడ్మండ్ హేలీ, 1716లో. శుక్రుడు అరుదుగా సరిగ్గా మనకీ సూర్యుడికీ మధ్య నుంచి వెళతాడు. అప్పుడు సూర్యబింబం మీద ఒక నల్లటి చుక్క కొన్ని గంటలపాటు పాకుతూ పోతుంది. భూమి మీద దూరదూరంగా ఉన్న రెండు చోట్ల నుంచి చూస్తే ఆ చుక్క నడిచిన గీత కొంచెం పైకో కిందికో జరిగినట్టుంటుంది. గీత పొడుగు మారితే దాటడానికి పట్టే సమయమూ మారుతుంది. ఆ సమయాల తేడా, రెండు ఊళ్ళ మధ్య దూరం చేతిలో ఉంటే శుక్రుడి దూరం లెక్కగట్టవచ్చు. శుక్రుడిది తెలిస్తే సూర్యుడిదీ తెలిసినట్టే. తన ఆయుష్షులో ఆ దృశ్యం చూడలేనని హేలీకీ తెలుసు. శుక్రుడి ఈ దాటడాలు ఎనిమిదేళ్ళ ఎడంలో జంటగా వస్తాయి, ఆ తర్వాత వందేళ్ళు దాటితే గాని రావు. తరవాతి జంట 1761, 1769.

ఆ రెండు సార్లూ ఐరోపా దేశాలు ఓడలకెక్కించి మనుషుల్ని నలుమూలలకూ పంపాయి. వాళ్ళలో ల జాంతీ అనే ఫ్రెంచి ఆయన పుదుచ్చేరికి బయల్దేరాడు. ఆయన చేరేలోపే అది ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడింది. 1761లో ఆయనకు శుక్రుడు కనిపించింది ఊగే ఓడ మీద నుంచి. ఓడ మీద లోలకం గడియారం పనిచేయదు, సమయం పట్టలేకపోతే చూసి లాభం లేదు. ఇంటికి పోకుండా ఎనిమిదేళ్ళు ఈ సముద్రాల్లోనే తిరిగాడు. పుదుచ్చేరి మళ్ళీ ఫ్రెంచివాళ్ళకు వచ్చాక అక్కడికి చేరి, తమిళ పంచాంగకర్తల దగ్గర గ్రహణ గణితం నేర్చుకుంటూ 1769 కోసం కాచుకుని కూర్చున్నాడు. తీరా ఆ ఉదయం మబ్బు పట్టింది. 1771లో స్వదేశం చేరేసరికి చనిపోయాడనుకుని వారసులు ఆస్తి పంచుకునే పనిలో ఉన్నారు. ఆయనలా నష్టపోయినా మిగిలినవాళ్ళ లెక్కలు కలిపితే సూర్యుడి దూరం సుమారు 15.3 కోట్ల కిలోమీటర్లని తేలింది. ఇప్పటి విలువ 14.96 కోట్లు. రెండున్నర శాతం లోపే తేడా!

మళ్ళీ జంట 1874, 1882. ఈసారి చూసినవాళ్ళలో మనవాడొకడున్నాడు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు అబ్జర్వేటరీలో పని నేర్చుకుని, 1840లో సొంత డబ్బుతో విశాఖలో ఒక వేధశాల పెట్టాడు. ఆయన తర్వాత దాన్ని నడిపినవాడు అల్లుడు అంకితం వెంకట నరసింగరావు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటుతుంటే విశాఖ నుంచి పరిశీలించాడు. జమీందారీ వ్యవహారాలు, కోర్టు తగాదాలు, సంగీత కచేరీల మధ్య మునిగితేలే రోజుల్లో ఒక జమీందారీ కుటుంబం రెండు తరాలు సెకన్లు లెక్కపెడుతూ కూర్చుందంటే నాకు ముచ్చటేస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా దింపి ఓడలకీ ఊరికీ టైము చెప్పే ఏర్పాటు కూడా ఆ కుటుంబం చలవే. ఖగోళశాస్త్రం రేవుపట్నానికి ఎందుకో ఆ జెండా చెబుతుంది. సరైన టైము లేనిదే నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో తెలియదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ శుక్రుడి పద్ధతి కాగితం మీద ఉన్నంత చక్కగా ఆకాశంలో పనిచేయలేదు. నల్లచుక్క సూర్యుడి అంచుని తాకే క్షణంలో రెండింటి మధ్య ఒక నల్లటి బొట్టు సాగినట్టు కనిపిస్తుంది. పక్కపక్కనే నిలబడి చూసిన ఇద్దరు కూడా వేరువేరు సెకన్లు రాసుకునేవారు. చివరికి 1961లో శుక్రుడి మీదికి రాడార్ తరంగాలు పంపి, అవి తిరిగి రావడానికి పట్టిన కాలంతో ఈ దూరాన్ని కచ్చితంగా కొలిచారు. 2012లో శుక్రుడు మళ్ళీ దాటినప్పుడు, ఆ జూన్ 6 ఉదయం, లెక్క అవసరం ఎవరికీ లేదు. అందరం సరదాగా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని చూశాం. తరవాతిది 2117లో.

స్కేలు తెలిసింది గనక సౌరకుటుంబాన్ని ఒకసారి చిన్నది చేసి చూద్దాం. లక్ష కిలోమీటర్లు ఒక సెంటీమీటరు అనుకుందాం. సూర్యుడు పద్నాలుగు సెంటీమీటర్ల కొబ్బరికాయ. ఈ బల్ల మీద పెట్టాం. భూమి పదిహేను మీటర్ల అవతల, ఈ హాలు గుమ్మం దగ్గర ఒక ఆవగింజ. చంద్రుడు ఆ ఆవగింజకు నాలుగు సెంటీమీటర్ల లోపు దూరంలో నలుసు. మనిషి ఇప్పటిదాకా స్వయంగా వెళ్ళింది ఆ నాలుగు సెంటీమీటర్లే. గురుడు డెబ్బయ్యెనిమిది మీటర్ల దూరంలో పెద్ద గోళీ. నెప్ట్యూన్ నాలుగు వందల యాభై మీటర్ల అవతల, బస్టాండు దగ్గర, మిరియపు గింజ. మధ్యలో ఉన్నదంతా ఖాళీ. క్లాసురూము గోడకు వేలాడే చార్టులో గ్రహాలు భుజాలు రాసుకుంటూ నిలబడతాయే, ఆ బొమ్మ పిల్లల బుర్రలోంచి పోగొట్టడం చాలా కష్టం.

గ్రహాల పట్టిక పుస్తకాల్లో ఉంది, మళ్ళీ అప్పజెప్పను. లోపలి నాలుగూ రాతి గ్రహాలు, బయటి నాలుగూ పెద్దవి, మధ్యలో గ్రహశకలాలు. గురుడు మిగతా ఏడింటినీ కలిపినదానికి రెండున్నర రెట్లు బరువు. శని సాంద్రత నీటికన్నా తక్కువ. యురేనస్‌ను 1781లో విలియం హెర్షెల్ టెలిస్కోపులో చూసి పట్టుకున్నాడు. నెప్ట్యూన్ దొరికిన తీరు వేరు. యురేనస్ నడకలో తేడా చూసి, అవతల ఇంకో గ్రహం లాగుతోందని ల వెరియే పారిస్‌లో లెక్కగట్టాడు. 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో గాలె ఆ దిక్కుకు టెలిస్కోపు తిప్పితే చెప్పిన చోటుకి ఒక డిగ్రీ లోపలే దొరికింది. ప్లూటోను 2006లో గ్రహాల జాబితా నుంచి తీసేసినందుకు ఇప్పటికీ నన్ను నిలదీసేవాళ్ళున్నారు. ప్లూటోకి ఏ బాధా లేదు, అది తిరిగేది అది తిరుగుతోంది.

శుక్రుడి దగ్గర మాత్రం ఒక నిమిషం ఆగుతాను. పరిమాణంలో భూమికి దాదాపు కవల. అందుకని ఆ మబ్బుల కింద చిత్తడి అడవులుంటాయని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెద్ద శాస్త్రజ్ఞులే ఊహించారు. 1970లో సోవియట్ నౌక వెనీరా-7 ఆ నేల మీద దిగి కబురు పంపింది. అక్కడి వేడి సుమారు 460 డిగ్రీలు, సీసం కరిగిపోతుంది. వాతావరణం ఒత్తిడి మనకన్నా తొంభై రెట్లు. సూర్యుడికి మరింత దగ్గరైన బుధుడికన్నా శుక్రుడే వేడి. కారణం దట్టంగా పట్టిన బొగ్గుపులుసు వాయువు. వెలుగుని లోపలికి రానిస్తుంది, వేడిని బయటికి పోనివ్వదు. ఇక అంగారకుడికి మన మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచే బయల్దేరి, 2014 సెప్టెంబరు 24న కక్ష్యలో చేరిన సంగతి ఈ సభలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇప్పుడు గుంటూరుకి వద్దాం. దూరం కొలిచినంత మాత్రాన ఆ వెలుగుచుక్క ఏ పదార్థంతో తయారైందో తెలియదు. నక్షత్రాల రసాయనం మనిషికి ఎప్పటికీ తెలియదని ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కోంత్ 1835లో తేల్చి చెప్పాడు. పాతికేళ్ళు తిరక్కుండానే ఆ మాట తప్పయింది. వెలుగుని పట్టకంలోంచి పంపి రంగులుగా విడగొడితే ప్రతి మూలకమూ తనదైన చోట గీత గీస్తుందని జర్మనీలో తేల్చారు. సోడియం పసుపు దగ్గర, హైడ్రోజన్ ఎరుపు దగ్గర, ఇలా.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాని నీడ కృష్ణా డెల్టా మీదుగా పోయింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. ఫ్రాన్సు నుంచి జూల్ జాన్సెన్ గుంటూరు వచ్చి, అక్కడ స్థిరపడిన ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో దిగాడు. వర్షాకాలం. అయినా ఆ ఉదయం గుంటూరు ఆకాశం కరుణించింది. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా మూసిన కొద్ది నిమిషాల్లో, అంచుల్లో ఎర్రగా ఎగసిపడే జ్వాలల మీదికి జాన్సెన్ స్పెక్ట్రోస్కోపు తిప్పాడు. హైడ్రోజన్ గీతలు ధగధగ మెరిశాయి. అంత ప్రకాశంగా ఉన్నవాటికి గ్రహణంతో పనేముందని ఆయనకు తోచింది. మర్నాడు ఉదయం, గ్రహణం లేదు, ఏమీ లేదు, మామూలు సూర్యుడు. సూర్యుడి అంచు పక్కన పరికరం చీలికను జాగ్రత్తగా నిలిపి చూస్తే అవే గీతలు. అంతకుముందు జ్వాలల్ని చూడాలంటే గ్రహణం కోసం భూగోళమంతా తిరగాల్సి వచ్చేది. గుంటూరు తర్వాత ఆ అవసరం తీరిపోయింది.

'హీలియం గుంటూరులో కనిపెట్టారు' అని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. సగం నిజం. ఆ గ్రహణం రోజున మన తీరంలో ఉన్న పరిశీలకుల కళ్ళలో పసుపు గీత పడింది, కాని అది సోడియందే అనుకున్నారు. సోడియం గీత చోటుకి ఇది కాస్త తప్పుకుని ఉందని ఆ అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ తేల్చి, భూమ్మీద తెలియని మూలకమన్నాడు. భూమ్మీద హీలియం 1895లో గాని రామ్సేకి దొరకలేదు. జాన్సెన్ ఉత్తరం, లాకియర్ ఉత్తరం పారిస్‌లోని సైన్స్ అకాడమీకి ఒకే రోజు చేరాయి. కొట్లాడుకోకుండా కీర్తి చెరిసగం పంచుకున్నారు, ఇద్దరి బొమ్మలతో పతకం కూడా వేశారు. నన్నడిగితే గుంటూరుకి దక్కవలసిన గొప్ప ఆ మూలకంకంటే పెద్దది. సూర్యుణ్ణి ఏ రోజైనా చదవవచ్చనే పద్ధతి పుట్టింది ఆ ఊళ్ళో.

గీతలు చదవడం వచ్చింది గాని, అర్థం చెప్పడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. 1920లో కలకత్తాలో మేఘనాద్ సాహా రాసిన సమీకరణం, వేడిని బట్టి ఏ మూలకం గీతలు ఎంత బలంగా కనిపిస్తాయో చెప్పింది. దాన్ని పట్టుకుని 1925లో సిసీలియా పేన్ అనే ఇరవై అయిదేళ్ళ అమ్మాయి హార్వర్డులో నక్షత్రాలు ముఖ్యంగా హైడ్రోజన్, హీలియం ముద్దలని తేల్చింది. పెద్దలు నమ్మలేదు. ఆ ఫలితం నిజం కాకపోవచ్చునని ఆమె చేతనే రాయించారు. కొన్నేళ్ళకు వాళ్ళే ఒప్పుకున్నారు.

ఇక నక్షత్రాల దూరం. మన కొబ్బరికాయ లెక్క ఇంకోసారి పనికొస్తుంది. సూర్యుడు హైదరాబాదులో ఈ బల్ల మీద ఉంటే, మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ దాదాపు నాలుగు వేల కిలోమీటర్ల అవతల, జెడ్డాలో ఉంటుంది. వెలుగు సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. సూర్యుడి నుంచి మనకు చేరడానికి ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు, నెప్ట్యూన్‌కి నాలుగు గంటలు, ప్రాక్సిమాకి నాలుగుం పావు సంవత్సరాలు. కాంతి సంవత్సరం కాలం కాదు, దూరం. దీన్ని ఇంకోసారి చెప్పాల్సి వచ్చినందుకు పిల్లలు నన్ను క్షమించాలి, టీవీలో యాంకర్లు ఇంకా నేర్చుకోలేదు.

కొలిచిందెలా? జనవరిలో ఒక నక్షత్రం చోటు చూడండి. జూలైకి భూమి సూర్యుడికి ఆవలి వైపుకి, ముప్ఫై కోట్ల కిలోమీటర్ల దూరానికి చేరుతుంది. అక్కడి నుంచి చూస్తే దగ్గరి నక్షత్రం, దూరపు నక్షత్రాల నేపథ్యంలో కొంచెం జరిగినట్టుండాలి. దీన్నే పారలాక్స్ అంటారు. శుక్రుడి దగ్గర రెండు ఊళ్ళు చేసిన పని ఇక్కడ కక్ష్యలోని రెండు కొసలు చేస్తాయి. చెప్పడం తేలికే. జరిగేది ఎంతంటే, ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే వచ్చే ఆర్క్‌సెకనులో కూడా ఒక ముక్క. కొపర్నికస్ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్ళు వెతికారు, దొరకలేదు. భూమి కదలడం లేదనేవాళ్ళకు అదొక పెద్ద ఆయుధమైంది. 1838లో బెసెల్ హంస రాశిలోని 61 సిగ్ని అనే మసక నక్షత్రానికి దాదాపు 0.31 ఆర్క్‌సెకన్లు కొలిచాడు. పదిన్నర కాంతి సంవత్సరాల లోపు అని వచ్చింది. ఇప్పటి లెక్క 11.4.

మనకు పేరు తెలిసిన నక్షత్రాలకు ఈ కొలత వేస్తే ఆకాశం ఒక్కసారిగా లోతు పుంజుకుంటుంది. లుబ్ధకం 8.6 కాంతి సంవత్సరాలు, శ్రవణం 17, స్వాతి 37, రోహిణి సుమారు 65, చిత్త దాదాపు 250. ఒకే కప్పు మీద అతికించినట్టు కనిపించేవాటిలో ఒకటి ఇంటి ముందు, ఇంకొకటి ఊరవతల.

హైదరాబాదు ఇక్కడే కథలోకి వస్తుంది. 1887లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ సమావేశం జరిగింది. ఆకాశమంతా ఫొటోలు తీసి, పదకొండో ప్రకాశ తరగతి వరకూ ఉన్న ప్రతి నక్షత్రం చోటూ కొలిచి పుస్తకాలుగా అచ్చువేయాలని తీర్మానించారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి దేశదేశాల వేధశాలలకు పంచారు. కొన్ని పంచుకున్నంత సులువుగా పూర్తిచేయలేకపోయాయి. చిలీలోని శాంటియాగో వాళ్ళు వదిలేసిన పట్టీ, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్నది, నిజామియా వేధశాలకు వచ్చింది.

నిజామియా వేధశాలది కూడా విశాఖ కథలాంటిదే. నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో సొంత ఖర్చుతో పెట్టాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. ఈ ఫొటోల పనికి వాడింది వేరే పరికరం, 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్. 1914లో డైరెక్టరుగా వచ్చిన రాబర్ట్ పోకాక్ పనిని ఊపందించాడు, 1918లో మరణించాడు. ఆ తర్వాత టి.పి. భాస్కరన్ ముందుకు నడిపాడు.

ఆ పని ఎలా ఉండేదో చెబుతాను. గాజు పలక. దానిమీద మందు పూత. ముందుగా అయిదేసి మిల్లీమీటర్ల ఎడంలో సన్నటి గళ్ళు ముద్రపడేలా ఒక ఎక్స్‌పోజరు. తర్వాత ఆకాశం. భూమి తిరుగుతుంది గనక టెలిస్కోపును గడియారం యంత్రం నెమ్మదిగా తిప్పుతుంటుంది. దాన్ని నమ్మి కూర్చోడానికి లేదు. పక్కనే ఉన్న ఇంకో గొట్టంలో కన్నుపెట్టి, ఒక నక్షత్రం అడ్డగీతల కూడలి నుంచి జారకుండా సర్దుతూనే ఉండాలి. పలక కడిగి ఆరబెట్టాక అసలు పని మొదలవుతుంది. మైక్రోస్కోపు కింద పెట్టి, ప్రతి చుక్కా తన గడిలో అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని ఒకరు చదవాలి, ఒకరు రాసుకోవాలి. పలక మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో డిగ్రీలో అరవయ్యో వంతు. హైదరాబాదు పట్టీ అనూరాధ దగ్గరి పై చుక్కల మీదుగా ధనూరాశిలో పాలపుంతను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. అక్కడి పలకల్లో చుక్కలు పిండి చల్లినట్టుంటాయి. అలా లక్షల నక్షత్రాలు కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు. వాటికన్ పట్టీని కొలిచిన క్రైస్తవ సన్యాసినుల పేర్లు ఆలస్యంగానైనా బయటపెట్టారు. హైదరాబాదులో కన్ను కాయలు కాచేలా ఆ చుక్కలు చదివినవాళ్ళ పేర్లు కూడా ఎవరైనా పరిశోధక విద్యార్థి వెతికి తీస్తే మంచి పని చేసినవాడవుతాడు.

ఇంత కష్టపడి ఏం లాభం అని ఆ రోజుల్లోనే అన్నారు. ప్రపంచంలోని పెద్ద టెలిస్కోపులు కొత్త సంగతులు కనిపెడుతుంటే, ఈ వేధశాలలు పట్టికలు నింపుకుంటూ వెనకబడ్డాయనే విమర్శ ఉంది, అది పూర్తిగా తప్పు కాదు. కాని జవాబు 2000లో వచ్చింది. ఐరోపా ఉపగ్రహం హిప్పార్కస్ 1989-93 మధ్య కొలిచిన చోట్లతో ఈ పాత పట్టికల చోట్లను పోల్చి, 25 లక్షల నక్షత్రాలు ఏ దిక్కుగా ఎంత వేగంగా జరుగుతున్నాయో చెప్పే టైకో-2 కేటలాగు తయారుచేశారు. డెబ్బయి ఎనభై ఏళ్ళ కిందటి చోటు తెలియనిదే ఆ నడక పట్టుబడదు. ఎంత ఖరీదైన ఉపగ్రహమైనా 1920లోకి వెళ్ళి ఫొటో తీయలేదు కదా!

నిజామియా వేధశాలలోనే పనిచేసిన ఒకాయన కొడుకు వేణు బప్పు. హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివి, ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద హార్వర్డు వెళ్ళాడు. 1949లో ఒక కొత్త తోకచుక్కను పట్టాడు, ఆయన పేరు అందులో కలిసింది. నాకు దానికంటే ముఖ్యం 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి ప్రకటించిన సంగతి. నారింజ, ఎరుపు రంగు నక్షత్రాల వెలుగులో కాల్షియం గీత నడుమ ఒక చిన్న మెరుపుంటుంది. ఆ మెరుపు ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం అసలు ప్రకాశం అంత ఎక్కువ. అసలు ప్రకాశం తెలిసి, కనిపించే ప్రకాశం తెలిస్తే దూరం వచ్చేసినట్టే. గుంటూరులో గీత రసాయనం చెప్పింది, ఇక్కడ దూరం చెప్పింది.

ఈ 'అసలు ప్రకాశం' కిటుకే మనల్ని మన గెలాక్సీ అయిన పాలపుంత కొసల దాకా తీసుకుపోయింది. పారలాక్స్ దగ్గరివాటికే పనికొస్తుంది. ఆ కిటుకు చేతికి రాకముందు, 1785లో హెర్షెల్ నలుదిక్కులా నక్షత్రాలు లెక్కపెట్టి, పాలపుంత చదునైన గుంపు, సూర్యుడు దాదాపు దాని నడిబొడ్డున ఉన్నాడన్నాడు. పొగమంచులో నిలబడినవాడికి తానే ఊరి మధ్యలో ఉన్నట్టనిపిస్తుంది. నక్షత్రాల నడుమ ధూళి వెలుగును మింగుతోందని 1930లో ట్రంప్లర్ రుజువు చేసేదాకా ఆ భ్రమ పూర్తిగా పోలేదు.

హార్వర్డులో హెన్రియెటా లెవిట్ అనే ఆవిడ గంటకు ముప్ఫై సెంట్ల కూలికి ఇలాంటి గాజు పలకలే చదివేది. వినికిడి సరిగా లేదు. చిన్న మెగలానిక్ మేఘంలో వెలుగు హెచ్చుతగ్గులయ్యే సెఫీడ్ నక్షత్రాలను చూస్తూ, 1912లో ఒక క్రమం కనిపెట్టింది. ఎక్కువ రోజులకు ఒకసారి వెలిగి మసకబారేవి ఎక్కువ ప్రకాశవంతమైనవి. ఆ మేఘంలో ఉన్నవన్నీ మనకు దాదాపు ఒకే దూరం గనక ఈ క్రమం దూరం వల్ల వచ్చిన భ్రమ కాదు. ఇక ఎక్కడ సెఫీడ్ కనిపించినా రోజులు లెక్కపెడితే చాలు, దూరం తెలుస్తుంది. 1921లో ఆవిడ క్యాన్సర్‌తో పోయింది. ఆ సంగతి తెలియక 1925లో స్వీడన్ నుంచి ఒక గణితవేత్త ఆమెను నోబెల్‌కు ప్రతిపాదించాలని ఉత్తరం రాశాడు.

అలా రోజులు లెక్కపెట్టే కొలతలతోనే హార్లో షాప్లీ 1918లో గోళాకార తారాగుచ్ఛాల దూరాలు కొలిచాడు. లక్షల నక్షత్రాలు బంతిలా చేరిన గుంపులివి. ఇవి ఆకాశమంతా సమంగా లేవు, ధనూరాశి వైపు కిక్కిరిసి ఉన్నాయి. వాటి మధ్యబిందువే గెలాక్సీ కేంద్రమైతే, సూర్యుడు కేంద్రానికి చాలా దూరంగా శివార్లలో ఉన్నాడన్నమాట. గెలాక్సీ వెడల్పు షాప్లీ మూడు లక్షల కాంతి సంవత్సరాలన్నాడు, మూడింతలు ఎక్కువ చెప్పాడు. కాని మనల్ని మధ్య నుంచి లేపడం సరిగ్గానే లేపాడు. విశ్వమంతా ఈ గెలాక్సీయేనని కూడా పట్టుబట్టాడు. 1923 అక్టోబరులో హబుల్ ఆండ్రోమెడా నెబ్యులా పలక మీద ఒక చుక్క పక్కన ముందు నోవా అని రాసి, కొట్టేసి, చరతార అని దిద్దాడు. ముప్ఫై ఒక్క రోజుల సెఫీడ్ అది. లెవిట్ లెక్క వేస్తే తొమ్మిది లక్షల కాంతి సంవత్సరాలొచ్చింది. అది మన గెలాక్సీ బయటిది, మరో గెలాక్సీ. ఇప్పటి విలువ 25 లక్షలు. సెఫీడ్‌లు రెండు రకాలని తెలియక హబుల్ తక్కువ చెప్పాడు, 1952లో బాడె సర్దాడు.

మన పాలపుంత వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. నక్షత్రాలు పది వేల కోట్లకు తక్కువ కాదు. నలభై వేల కోట్ల దాకా చెప్పేవాళ్ళున్నారు. కేంద్రం మనకు దాదాపు 26,000 నుంచి 27,000 కాంతి సంవత్సరాల దూరం. అక్కడ ఎస్-2 అనే నక్షత్రం పదహారేళ్ళకొకసారి కంటికి కనిపించని దేన్నో చుట్టి వస్తోంది. ముప్ఫై ఏళ్ళు దాని వెంటపడి చూసిన రెండు బృందాలు, అక్కడున్నది 40 లక్షలకు పైగా సూర్యుల బరువున్న కృష్ణబిలమని తేల్చాయి. గెంజెల్, ఆండ్రియా గెజ్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. సూర్యుడు ఆ కేంద్రం చుట్టూ సెకనుకి 230 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ, ఒక చుట్టుకి సుమారు 23 కోట్ల సంవత్సరాలు తీసుకుంటాడు. కిందటిసారి మనం ఇక్కడున్నప్పుడు భూమ్మీద డైనోసార్లు అప్పుడే మొదలవుతున్నాయి.

ఆ వేగం నుంచే గెలాక్సీ బరువు లెక్కగడతారు. గ్రహాల్లాగే ఇక్కడా, ఎంత బరువు లాగుతుంటే అంత వేగంగా తిరగాలి. ఇక్కడ చిక్కొచ్చింది. 1970లలో వేరా రూబిన్ ఇతర గెలాక్సీల అంచుల్లో నక్షత్రాల వేగం తగ్గవలసినంత తగ్గడం లేదని చూపించింది. కనిపించే నక్షత్రాల బరువు ఆ వేగానికి చాలదు. కనిపించని పదార్థం ఉండాలన్నారు, అదేమిటో ఇంకా పట్టుబడలేదు. మన గెలాక్సీకి ఆ లెక్క వేయడం మరీ కష్టం, మనం లోపలే ఉన్నాం గనక. 2013లో వెళ్ళిన గాయా ఉపగ్రహం 180 కోట్ల నక్షత్రాల చోట్లు ఇచ్చింది, హైదరాబాదు వాళ్ళు గాజు పలక మీద చేసిన పనే అంతరిక్షంలో చేసి. దాంతో తేలిపోతుందనుకున్నారు. కొందరు లక్ష కోట్ల సూర్యుల బరువంటున్నారు. 2023లో ఒక బృందం గాయా లెక్కలతోనే ఇరవై వేల కోట్లే అంది. అయిదు రెట్ల తేడా! మనముంటున్న గెలాక్సీ బరువు మీద 2023 నాటికి పరిస్థితి ఇది. ఆ తేడా సంగతి చూడాలనుకుంటే గాయా లెక్కలు ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి, ఇంజనీరింగు పిల్లలకు వాటిని విప్పే సాఫ్ట్‌వేరు తెలుసు.

ప్రశ్నలకు పావుగంట ఉందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. ముందుగా, వెనక నిలబడిన పిల్లలు అడగండి.